నీతి అనే ఒక్క మాట వెంట మూడేళ్లు

హన్మకొండ చౌరస్తాలో బస్సు కోసం నిలబడి ఉండగా ఫోన్లో ఆ మెయిల్ చూశాను. ఐదు నెలల కింద ఒక పత్రికకు పంపిన నా వ్యాసం మీద ఇద్దరు సమీక్షకుల అభిప్రాయాలు వచ్చాయి. ఒకరు రెండు పేరాల్లో మర్యాదగా వద్దన్నారు. రెండోవారు ఎవరో గానీ నాలుగు పేజీలు రాశారు. అందులో ఒక ప్రశ్న దగ్గర ఆగిపోయాను: కాకతీయులది సంక్షేమ రాజ్యం అంటున్నారు కదా, ఆ మాటకు సరిపోయే మాట వాళ్ల శాసనాల్లో ఎక్కడుంది?

లేదు. ఎక్కి కూర్చున్నాక కూడా అదే ఆలోచన. బస్సు పెట్రోల్ పంపు దాటి సుబేదారి చేరేలోపు నాకు తెలిసిన శాసనాలన్నీ మనసులో తిరగేశాను. ఎక్కడా లేదు.

నేను డిగ్రీ కాలేజీలో చరిత్ర చెప్తాను. ఉద్యోగం చేస్తూనే పీహెచ్‌డీకి రిజిస్టర్ చేసుకున్నాను. కాకతీయుల కాలంలో పాలన గురించిన ఆలోచనలు నా టాపిక్. పాకాల, రామప్ప, లక్నవరం చెరువులు చూస్తూ పెరిగినవాళ్లం కాబట్టి, ఇంత మంచి చెరువులు తవ్వించిన రాజులకు ప్రజాసంక్షేమ దృష్టి ఉండేదని రాయడం మాకు చాలా సహజంగా వస్తుంది. ప్రేమతోనే రాస్తాం. నేనూ అలాగే రాశాను.

మా గైడ్ సార్ ఆ నాలుగు పేజీలు చదివి, "ఇది తిరస్కరణ కాదమ్మా, నీకు పాఠం చెప్పారు" అన్నారు. బ్రిటిష్ చరిత్రకారుడు క్వెంటిన్ స్కిన్నర్ 1969లో రాసిన వ్యాసం ఒకటి చేతిలో పెట్టారు. భావాల చరిత్రలో అర్థం అంటే ఏమిటి, మనం దాన్ని ఎలా పట్టుకుంటాం అన్నది దాని విషయం. ఇంగ్లీషు గట్టిది. మొదటిసారి పది పేజీలతో ఆపేశాను. రెండోసారి తెలుగులో నోట్స్ రాసుకుంటూ చదివాను. మూడోసారి చదివేటప్పుడు అందులో తిట్లు తింటున్నది నా వ్యాసమే అనిపించింది.

స్కిన్నర్‌కు ముందు ఆర్థర్ లవ్‌జాయ్ అనే అమెరికన్ పండితుడు ఉన్నారు. 1940లో భావాల చరిత్రకే ప్రత్యేకంగా ఒక పత్రిక మొదలవడం వెనక ఉన్నది ఆయనే. ఒక భావాన్ని గింజలాగా విడదీసి, అది ప్లేటో కాలం నుంచి పద్దెనిమిదో శతాబ్దం దాకా ఎలా ప్రయాణించిందో చూపించవచ్చని ఆయన పద్ధతి. స్కిన్నర్ దీన్ని ఒప్పుకోరు. కాలాలన్నిటికీ ఒకే ప్రశ్న ఉండదంటారు. రాసినవాడు ఆ మాట ఎవరికి జవాబుగా అన్నాడు, అనడం ద్వారా ఏం పని చేశాడు అని అడగాలంటారు. తర్వాత కాలంలో వచ్చిన భావాన్ని ముందు కాలం మనిషి నోట్లో పెట్టడాన్ని ఆయన ఒక పెద్ద తప్పుగా విడిగా వివరించారు. సంక్షేమ రాజ్యం ఇరవయ్యో శతాబ్దపు మాట. దాన్ని తీసుకెళ్లి పదమూడో శతాబ్దపు చెరువు కట్ట మీద నిలబెట్టాను నేను.

మరి వాళ్లు చెరువును ఏమనుకుని తవ్వించారు? అదే శాసనాలను ఈసారి వాళ్ల మాటల కోసం చదివాను. జవాబు ఎప్పుడూ కళ్ల ముందే ఉంది, సంతానం. సప్తసంతానాల్లో తటాకం ఒకటి. కొడుకు, కావ్యం, నిధి, గుడి, తోట, అగ్రహారం, వాటి పక్కనే చెరువు. చచ్చిపోయాక కూడా మన పేరు నిలబెట్టేవి, పుణ్యం తెచ్చేవి ఇవి. దాంతోపాటు లెక్క కూడా ఉంది. చెరువు కట్టించి బాగోగులు చూసేవాళ్లకు దశబంధం కింద భూమి గానీ, పంటలో వాటా గానీ దక్కేది. పుణ్యం, పేరు, ఆదాయం మూడూ ఒకే కట్ట మీద ఉన్నాయి. వీటిని విడదీసి ఒక్కదానికి సంక్షేమం అని పేరు పెడితే మిగతా రెండూ కనిపించవు. రైతుకు నీళ్లు అందాయా అంటే అందాయి. కానీ కట్టించినవాడి తలలో ఉన్న ఆలోచన వేరు. నేను చరిత్ర రాస్తున్నది ఆ ఆలోచనకు.

అలా సంక్షేమం వదిలేసి, పాలన గురించి ఆ కాలంవాళ్లు తమంతట తాము వాడిన మాట ఏది అని వెతికాను. నీతి దొరికింది.

దొరికింది అంటున్నాను గానీ, అది పోయింది ఎప్పుడని? చిన్నప్పటి నుంచి వింటున్న మాటే. నీతి కథలు, నీతి శతకాలు, నీతి నిజాయితీ. కథ చివర "ఇందులోని నీతి ఏమనగా" అని ఒక వాక్యం. అందుకే ఇన్నేళ్లూ దాన్ని పరిశోధించాల్సిన మాటగా చూడలేదు.

వెల్చేరు నారాయణరావు, సంజయ్ సుబ్రహ్మణ్యం కలిసి 2009లో దక్షిణ భారత రాజకీయ ఆలోచన మీద ఒక వ్యాసం రాశారు. నా పని మొత్తం దాని చుట్టూనే తిరిగింది. ధర్మశాస్త్రం ఒకటి, నీతి ఇంకొకటి అని వాళ్ల వాదన. ధర్మశాస్త్రం వర్ణాన్ని, పరలోకాన్ని చూసుకుంటుంది. నీతి ఈ లోకంలో నెగ్గుకురావడం చెప్తుంది. రాజు ఎవరిని నమ్మాలి, బొక్కసం ఎలా నింపాలి, కోటను ఎలా కాపాడుకోవాలి, దూతను ఎలా ఎంచుకోవాలి, ఇలాంటివి. పందొమ్మిదో శతాబ్దంలో ఇంగ్లీషువాళ్ల బడులు, వాచకాలు వచ్చాక ఈ పుస్తకాలకు పిల్లల పాఠాల పని పడింది, నీతి అంటే మంచి నడవడిక అయింది. పాత అర్థం మరుగున పడేసరికి, తెలుగులో రాజకీయ ఆలోచన లేనే లేదనుకున్నాం.

జర్మనీలో రైన్‌హార్ట్ కొసెలెక్ అనే చరిత్రకారుడు, ఆయన సహచరులు ఇలాంటి పనినే పెద్ద ఎత్తున చేశారు. తమ భాషలోని ముఖ్యమైన రాజకీయ, సామాజిక పదాలు 1750 నుంచి 1850 మధ్య ఎలా అర్థం మార్చుకున్నాయో చూపిస్తూ 1972 నుంచి 1997 దాకా ఎనిమిది సంపుటాల నిఘంటువు తెచ్చారు. తెలుగులో ఎనిమిది సంపుటాలు నా వల్ల ఎక్కడవుతుంది? ఒక్క పదం చాలనుకున్నాను.

వ్యాసం చదివి ఒప్పేసుకుంటే పరిశోధన కాదు, మూలం చూడాలి. మూలం అంటే మడికి సింగన అనే పాత కవి కూర్చిన సకలనీతిసమ్మతం. 1970లో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ వేసిన ప్రతి కోసం నాలుగు లైబ్రరీలు తిరిగాను. చివరికి ఒక రిటైర్డ్ తెలుగు మేష్టారి ఇంట్లో, బీరువా పై అరలో దొరికింది. అట్ట ఊడిపోయి దారంతో కట్టి ఉంది. ఇంటికి తీసుకెళ్తానంటే ఆయన ఇవ్వలేదు, "ఇక్కడే కూర్చుని రాసుకో బిడ్డా" అన్నారు. పద్దెనిమిది ఆదివారాలు వెళ్లాను. వాళ్లావిడ ప్రతిసారీ ఉప్మా పెట్టేది.

అదొక సంకలనం. అంతకు ముందున్న నీతి గ్రంథాల నుంచి పద్యాలు ఏరి, విషయాలవారీగా కూర్చాడు సింగన. ముద్రామాత్యం, పంచతంత్రి, బద్దెన నీతిశాస్త్రముక్తావళి, గణపతిదేవుడి మంత్రి శివదేవయ్యదని చెప్పే పురుషార్థసారం, కాకతి రుద్రదేవుడిదని చెప్పే నీతిసారం, ఇంకా కొన్ని. వీటిలో పురుషార్థసారం, ముద్రామాత్యం లాంటివి మనకు విడి పుస్తకాలుగా లేవు. సింగన ఎత్తిరాసిన పద్యాలే మిగిలాయి. ఓరుగల్లులో కూర్చుని రాజ్యం గురించి ఆలోచించినవాళ్ల మాటలు, ఓరుగల్లు పడిపోయి దాదాపు వందేళ్లయ్యాక ఒక కవి ఏరి పెట్టుకుంటే మన దాకా వచ్చాయి. ఆ ఇంట్లో, ఆ చాప మీద, ఈ సంగతి అర్థమైన రోజు నాకు చేతులు ఆడలేదు.

స్కిన్నర్ ప్రశ్న ఇక్కడే అడగాలి. సింగన ఈ పని ఎందుకు చేశాడు? సాహిత్య చరిత్రలు ఆయన్ను పదిహేనో శతాబ్దం తొలినాళ్లలో పెడతాయి. సబ్బినాడును ఏలిన రామగిరి ప్రభువు దగ్గర కందన మంత్రి, ఆ కందన ఆశ్రయంలో సింగన. రామగిరి మనకు దూరం కాదు, పెద్దపల్లి జిల్లా. ఒక శనివారం కాజీపేటలో రైలెక్కి పెద్దపల్లిలో దిగి, మంథని దారి పట్టి, బేగంపేట దాకా వెళ్లి ఖిల్లా ఎక్కాను.

పైనుంచి చూస్తే ఒకవైపు పొలాలు, ఇంకోవైపు సింగరేణి ఓపెన్‌కాస్ట్ మట్టికుప్పలు. కోట గోడలు కొండ ఒంపుల వెంట పోతూ ఉంటాయి. దర్వాజా తర్వాత దర్వాజా, మలుపు తర్వాత మలుపు. ఎక్కేవాడి కుడిపక్క ఎప్పుడూ ఎవరో పైనుంచి చూస్తున్నట్టే ఉంటుంది. ఆ గోడల మధ్య నిలబడితే ఒక విషయం తేలికగా అర్థమవుతుంది. ఇది సామ్రాజ్యం కాదు, కొండ మీదున్న ఒక చిన్న రాజ్యం. 1323లో కాకతీయ రాజ్యం పోయాక తెలంగాణలో బహమనీలు, రాచకొండ వెలమలు, తూర్పున రెడ్లు, వాళ్ల మధ్య ఎప్పుడు ఎవరితో పొత్తో తెలియని కాలం. ఇలాంటి చోట మంత్రికి కావలసింది పరలోకం గురించిన గ్రంథం కాదు. రేపు దూత వస్తే ఏం మాట్లాడాలో చెప్పే పుస్తకం కావాలి. పెద్ద రాజ్యం నడిపిన పాతవాళ్ల అనుభవం ఒక్కచోట దొరకాలి. సింగన సంకలనాన్ని నేను అలాగే చదివాను. మా గైడ్ సార్ "ఇది నీ ఊహ, ఊహ అని రాయి" అన్నారు. అలాగే రాశాను.

బాపు, అంటే మా నాన్న, సంగతి చెప్పకపోతే ఈ అనుభవం సగమే అవుతుంది.

మా ఊరు పరకాల దిక్కు. బాపు సుంకరి పని చేశాడు. పట్వారీ (మా దిక్కు కరణాన్ని అలాగే అంటాం) దస్త్రం మూట నెత్తిన పెట్టుకుని, ఆయన ముందు నడుస్తుంటే వెనక, ఆయన గుర్రబ్బండి ఎక్కితే పక్కన, ఊరూరూ తిరిగాడు. ఎన్టీఆర్ ప్రభుత్వం పటేల్ పట్వారీ వ్యవస్థ రద్దు చేసేదాకా అదే బతుకు. చదువు రాత్రిబడిలో కొంత, పట్వారీ పిల్లలు అరుగు మీద గట్టిగా చదువుతుంటే విని కొంత. సుమతీ శతకం సగం నోటికి వచ్చు.

సుమతీ శతకం బద్దెనదేనని ఆనవాయితీగా చెప్తారు. ఒక రాత్రి నేను దాని నోట్స్ రాసుకుంటూ, "తప్పించుక తిరుగువాడు ధన్యుడు సుమతీ" అని పైకి చదివాను. ఏ వేళకు ఏ మాట తగునో అది మాట్లాడి, ఎదుటివాళ్ల మనసు నొప్పించకుండా, తాను నొచ్చుకోకుండా తప్పించుకు తిరగాలని పద్యం. మృదువుగా మాట్లాడాలి అని బళ్లో నేర్చుకున్న తాత్పర్యం చెప్పాను.

బాపు మంచంలో లేచి కూర్చున్నాడు. "అది మంచిగ మాట్లాడుడు కాదు బిడ్డా. అది కచ్చేరిల నిలవడుడు. దొర ఒకటి అడుగుతడు, పట్వారి ఒకటి అడుగుతడు, ఇద్దరూ ఎదురుంగనే ఉంటరు. నువ్వు ఒక్క మాట చెప్పాలె. ఆ మాట ఇద్దరికీ తలగొద్దు, నీ ఈపు మీదికి రావొద్దు."

తర్వాత కరణం పద్యం తనే అందుకున్నాడు. కరణం ఇంకో కరణాన్ని నమ్మితే చావే, తన మర్మం ఇవ్వకుండా బతకాలని దాని అర్థం. బడి పుస్తకాల్లో ఈ పద్యం నేను ఎన్నడూ చూడలేదు. నీతి అంటే మంచితనం అయినప్పుడు దీన్ని పిల్లలకు ఎలా చెప్తారు? బాపు మాత్రం వెంటనే విడమరిచాడు. "శివారు పంచాయితి వచ్చిందనుకో. రెండూర్ల పట్వారీలు ఎదురుబొదురు కూసుంటరు. ఎవని పహాణీ వాని సంకలనే ఉంటది. ముందుగాల ఎవడు కాయిదం ఇప్పితే వాడు పోయినట్టే. మా పట్వారి దస్త్రం ముడి మీద చెయ్యి పెట్టి పొద్దుందాక కూసునెటోడు. ఇప్పకపోతుండె."

దస్త్రం ముడి మీద చెయ్యి. ఇది విన్నాక ఆ పద్యానికి నేను రాసుకున్న వ్యాఖ్య కొట్టేసి బాపు చెప్పింది రాశాను. నీతి గ్రంథాలు ఎక్కువగా మంత్రులు, కరణాలు నడిపిన సంప్రదాయం అని పండితులు రాసింది నాకు అప్పుడు కళ్లకు కట్టింది.

రెండో డ్రాఫ్ట్ హైదరాబాద్‌లో ఒక సెమినార్‌లో చదివాను. మోతాదుకు మించి టెన్షన్ పడ్డాను. రెండు ప్రశ్నలు వచ్చాయి. ఇవి సుభాషితాలే కదా, రాజకీయ సిద్ధాంతం ఎలా అవుతాయి అని ఒకరు. సిద్ధాంతమంటే ఇంగ్లీషు తత్వవేత్త హాబ్స్ రాసినట్టే ఉండాలని మనం ముందే అనుకుంటే ఏ తెలుగు పుస్తకమూ ఆ గుమ్మం దాటదని చెప్పాను. భావాల చరిత్రను ప్రపంచవ్యాప్తంగా ఎలా రాయాలన్న చర్చ ఇప్పుడు గట్టిగా నడుస్తోంది. శామ్యూల్ మోయిన్, ఆండ్రూ సార్టొరి 2013లో దాని మీదే ఒక సంకలనం తెచ్చారు. అంతకు ముందు 2008లో సార్టొరి బెంగాల్లో సంస్కృతి అన్న భావం ఎలా నిలదొక్కుకుందో పుస్తకమే రాశారు. పందొమ్మిది, ఇరవై శతాబ్దాల మీద మంచి పని జరుగుతోంది. అంతకు ముందరి దేశభాషల వైపు వచ్చేవాళ్లు తక్కువ. మన దగ్గర నుంచి వెళ్లాల్సింది చాలా ఉందని నా గట్టి నమ్మకం.

రెండో ప్రశ్న నిజంగా ఇబ్బంది పెట్టింది. నీతి, ధర్మం అంత విడిగా ఉన్నాయా? గణపతిదేవుడి మోటుపల్లి శాసనం ఉంది కదా అన్నారు అడిగినావిడ. 1244 నాటి అభయ శాసనం అది. తుఫానుకు పగిలి ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకంతా పూర్వపు రాజులు బలవంతంగా లాక్కునేవారని, తాము మాత్రం నిర్ణయించిన సుంకం తప్ప మిగతాది వదిలేస్తున్నామని అందులో ఉంది. ప్రాణం కన్నా ధనమే మిన్న అనుకుని సముద్రం మీద అంత సాహసం చేసిన వర్తకుల మీద దయతో, కీర్తి కోసం, ధర్మం కోసం ఇలా చేస్తున్నామంటాడు. వర్తకుడికి భయం పోతే ఓడలు వస్తాయి, ఓడలు వస్తే సుంకం వస్తుంది. ఇది నికార్సయిన నీతి. కానీ రాతి మీద చెక్కేటప్పుడు ధర్మం పేరుతో చెక్కించాడు. ఒక ఆలోచన పుస్తకంలో ఒకలా, శాసనంలో ఇంకోలా మాట్లాడుతుంది. ఆవిడ మాటతో నా మూడో అధ్యాయం మారింది. నారాయణరావు, సుబ్రహ్మణ్యం గీసిన గీత పుస్తకాల వరకు నిలుస్తుంది, శాసనాల దగ్గరికి వస్తే పలచబడుతుంది అని రాశాను. పెద్దవాళ్లతో విభేదించడానికి నాకు మూడు వారాలు పట్టింది, ఆ పేరా పదకొండుసార్లు తిరగరాశాను.

వ్యాసం ఇంకో పత్రికకు పంపాను. ఈసారి చిన్న సవరణలతో తీసుకున్నారు. ఇంగ్లీషులో నీతికి ఏ మాట వాడాలని ఎడిటర్ అడిగారు. పాలిటిక్స్ అంటే కొంత పోతుంది, ఎథిక్స్ అంటే మొత్తం పోతుంది. నీతి అనే ఉంచమన్నాను, ఉంచారు.

అచ్చయిన కాగితాలు ఊరికి తీసుకెళ్లి, బాపుకు తెలుగులో చెప్పుకుంటూ వచ్చాను. కరణం పద్యం దగ్గర తను చెప్పిన మాట వచ్చిందని తెలిసి కళ్లద్దాలు అడిగి తీసుకుని ఆ పేజీ మీద వేలు పెట్టి చూశాడు. ఇంగ్లీషు రాదు, అయినా చాలాసేపు చూశాడు. ఆ తర్వాత అడిగాడు. "దస్త్రం ముందట కూసున్నోని నీతి రాసినవ్. మోసినోళ్లు ఏమనుకున్నరో ఎవలన్న రాసిండ్రా?"

లేదు బాపూ అన్నాను. సింగన సంకలనంలో మోసినవాడి మాట లేదు. బద్దెనలోనూ రాజుకో, మంత్రికో, కరణానికో చెప్పిన మాటలే. కింది మనుషుల ఆలోచనల చరిత్ర రాయడం ఎలా అన్న చర్చ ఈ రంగంలోనూ ఉంది. అన్నిచోట్లా ఉన్న ఇబ్బందే, వాళ్లు రాసి పెట్టినవి తక్కువ. కానీ మా బాపు ఉన్నాడు. సుమతీ పద్యాలను కచ్చేరి అరుగు కింద నిలబడి విని, తన బతుక్కు అన్వయించుకున్న మనిషి. పద్యం రాసినవాడి ఉద్దేశం ఒకటైతే, విన్నవాడు దాంతో చేసుకున్న పని ఇంకొకటి. నేను మొదటిది మాత్రమే రాశాను.

గైడ్ సార్‌తో మాట్లాడాను. అనుబంధంగా ఒక అధ్యాయం పెట్టడానికి ఒప్పుకున్నారు. గతవారం నుంచి మొదలుపెట్టాం. సాయంత్రం చాయ తాగాక బాపు మంచం పక్కన ఫోన్ పెట్టి రికార్డింగ్ నొక్కుతాను. పద్యం తను చదువుతాడు, ఏ ఊళ్లో, ఏ పంచాయితీలో అది గుర్తొచ్చిందో చెప్తాడు. ఇప్పటికి ఆరు పద్యాలయ్యాయి. నిన్న "అప్పిచ్చువాడు వైద్యుడు" దగ్గర ఆగి, "గీ పద్యం ఒక్కనాడు కాదు, దీనికి రేపు కూడ కూసుందాం" అన్నాడు.